కౌబాయి వేషము: సేకరణము, ధారణము

అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమ ప్రాంతమున పశువుల మందలను కాచి, వందల మైళ్ల దూరము తోలుకొనిపోయిన కౌబాయిల వేషమును ఆధారముగా గొని, ఇరువదవ శతాబ్దమున దర్జీలును, చొక్కాలు కుట్టు కర్మాగారములును, చలనచిత్రములును, సంగీత సభలును కలసి తీర్చిదిద్దిన వస్త్ర సంప్రదాయమునకు ఆ దేశమున వెస్టర్న్ వేర్ అని పేరు. భుజముల మీద కోసులు దేలి దిగిన రెండవ పొర గుడ్డ, ముత్యపు వన్నె గల టిచ్ బటన్లు, రంగు పైపింగు, గొలుసు కుట్టుతో పరచిన పువ్వులు, వాలుమడమ తోలుబూట్లు, వెడల్పాటి అంచు గల ఫెల్టు టోపీ ఇందలి ముఖ్యాంగములు. వీనిలో సుమారు 1930 నుండి 1970 దశకము వరకు తయారైన పాత వస్త్రములను వెదకి కూర్చువారును, ఆ తీరుననే నేడు క్రొత్తగా కుట్టించుకొని ధరించువారును అమెరికాలోనే గాక జపాను, ఇంగ్లండు దేశములందును విరివిగా నున్నారు. సేకర్తల చేతికి వచ్చునట్టి ఈ బట్టలలో పశువుల వెంట నడచిన కౌబాయి తొడిగినవి అత్యల్పము. కౌబాయిని గూర్చి ఒక దేశము కన్న కలను వలస వచ్చిన దర్జీలు కత్తిరించి కుట్టిపెట్టినవే హెచ్చు. ఆ దర్జీల హస్తముద్ర కొఱకే ఇవి భద్రపరచదగినవని ఈ వ్యాసకర్త విశ్వాసము.

1865లో అంతర్యుద్ధము ముగియునప్పటికి టెక్సాసు బయళ్లలో పొడవుకొమ్ముల పశువులు లెక్కకు మిక్కిలిగా పెరిగియుండెను. కాన్సాసులోని ఆబిలీను వద్ద రైలుమార్గము ప్రక్కన పశువుల దొడ్లు వెలసిన 1867వ సంవత్సరము మొదలు, ముండ్లతీగె కంచెలు బయళ్లను కమ్ముకొన్న 1880ల చివరి వరకు, అనగా ఇంచుమించు రెండు దశాబ్దుల కాలము మాత్రమే, లోకప్రసిద్ధమైన ఆ పశుయాత్రలు సాగినవి. అందు పాల్గొన్నవారు చాలవరకు పేద యువకులు, నలుగురిలో ఒకడు నల్లజాతివాడని చరిత్రకారుల అంచనా, మెక్సికనులును పెక్కుమంది. జీను, త్రాడు, తొడలకు రక్షగా కట్టుకొను తోలు చాప్స్, మడమకు తగిలించు ములుకులు మున్నగు పరికరము లన్నియు మెక్సికో పశుపాలకులైన వకేరోల నుండి సంక్రమించినవే. నాటి కౌబాయి తొడిగినది ముతక ఉన్ని ప్యాంటు, తల మీదుగా దిగవేసుకొను జేబులు లేని చొక్కా, జేబుల కొఱకే ఒక వెయిస్టుకోటు, ధూళి నోట ముక్కున పోకుండ మెడకు కట్టుకొను చుక్కల చదరపు రుమాలు. ఈ చుక్కల రుమాలునకు మూలము మన దేశపు బాంధనీ పట్టు రుమాళ్లే. ఎంబ్రాయిడరీయు టిచ్ బటన్లును అతడెఱుగడు.

టోపీ విషయమున మాత్రము వాస్తవమునకును కలకును నడుమ దూరము తక్కువ. ఫిలడెల్ఫియా నగరమున టోపీల వ్యాపారము పెట్టిన జాన్ బి. స్టెట్సన్, అంతకు మునుపు ఆరోగ్యము కొఱకు పశ్చిమ దేశమునకు పోయి, అచటి ఎండవానల తీరు స్వయముగా చూచినవాడు. 1865లో అతడు విడుదల చేసిన ‘బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్’ అను నమూనా సుమారు నాలుగంగుళముల వెడల్పు గల సమతలమైన అంచుతో, అంతే ఎత్తు గల గుండ్రని కిరీటభాగముతో, ఏ నొక్కును లేక వచ్చినది. ముందువైపు చిటికెన నొక్కులు, ప్రక్కలు పైకి మడచుట మొదలైన తీరులన్నియు ధరించినవారి అలవాటున పుట్టి, తరువాత ప్రాంతమునకొక రీతిగా స్థిరపడినవి. పాత ఫెల్టు టోపీలను కొనువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. కుందేలు, బీవరు బొచ్చును ఫెల్టుగా ముద్ద కట్టించుటకు టోపీ కర్మాగారములలో పాదరస లవణములు వాడుచుండిరి. తరతరముల పనివారు దాని విషముచే చేతులు వణకి, మతి చెడి బాధపడిరి. అమెరికాలో ఆ వాడుక 1941లో గాని నిలిచిపోలేదు. కావున అంతకు పూర్వపు టోపీలను అద్దపు పెట్టెలో ఉంచి చూచుకొనుట మేలు. నెత్తిన పెట్టుకొని చెమటోర్చుట తగదు.

పశుయాత్రలు ముగియకమునుపే కౌబాయి రంగస్థల మెక్కినాడు. బఫెలో బిల్ అను విలియం కోడీ 1883లో నెబ్రాస్కా రాష్ట్రపు ఓమహా నగరమున ఆరంభించిన ప్రదర్శనము అమెరికాలోను ఐరోపాలోను లక్షలాది ప్రేక్షకులకు తోలు కుచ్చుల కోటును, మెరయు ములుకులను, పెద్ద టోపీని పరిచయము చేసినది. మూగచిత్రముల కాలమున టామ్ మిక్స్ వంటి నటులు దూరపు వరుసలకు సైతము కనబడవలెనని ఆ అలంకారమును ఇంకను పెంచిరి. 1930లలో శబ్దచిత్రములు నెలకొనగా, తుపాకికంటె గిటారును ఎక్కువ వాడునట్టి గాయక కౌబాయిలు జీన్ ఆట్రీ, రాయ్ రోజర్స్ బయలుదేరిరి. వారి చొక్కాలే నేటి సంప్రదాయమునకు ప్రత్యక్ష జనకములు. ఇదే కాలమున తూర్పు నగరముల ధనికులు వేసవి సెలవులకు వయోమింగు, మొంటానా, అరిజోనా ప్రాంతముల పశుశాలలలో అతిథులుగా విడియు ఆచారము ప్రబలినది. వారికి గుఱ్ఱమెక్కుటకు తగినదియు, ఫోటోలో అందముగా పడునదియు నగు దుస్తు కావలసి వచ్చినది. లీవై స్ట్రాస్ కంపెనీ 1934లో స్త్రీల కొఱకు ‘లేడీ లీవైస్’ జీనులను తెచ్చుటకు ఈ అతిథిశాలల గిరాకియే ప్రేరకము.

ఇక దర్జీల మాట. ఈ కళకు ఆచార్యత్వము వహించినవారిలో ప్రముఖులు టెక్సాసువారు కారు. తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన యూదులు. ఫిలడెల్ఫియాలో ‘రోడియో బెన్’ అను పేర వాసికెక్కిన బెర్నార్డ్ లిక్టెన్‌స్టైన్ గుఱ్ఱములను, ఎద్దులను లొంగదీయు పందెములైన రోడియోల వీరులకును జీన్ ఆట్రీకిని కుట్టినాడు. పోలండునుండి వచ్చిన నేథన్ టర్క్ లాస్ ఏంజెలెస్ పొలిమేరలో దుకాణము నడిపి, మ్యాడక్స్ బ్రదర్స్ అండ్ రోజ్ అను సంగీత బృందమునకు సమకూర్చిన దుస్తులు దట్టమైన పూలకుట్టుతో తూర్పు ఐరోపా జానపద వస్త్రములను స్మరింపజేయును. బాల్యమున తాను చూచిన పండుగబట్టలను అతడు కాలిఫోర్నియాలో తిరిగి కుట్టినట్లు తోచును.

వీరందఱలో మిక్కిలి ఖ్యాతి గాంచినవాడు న్యూడీ కోన్. కీవ్ నగరమున 1902లో జన్మించి, పదునొకండవ యేట అమెరికా చేరి, న్యూయార్కులో నాట్యకత్తెల దుస్తులు కుట్టి, అనేక కష్టముల కోర్చి, 1940లలో హాలీవుడ్డునకు చేరినాడు. గాయకుడు టెక్స్ విలియమ్స్ ఒక గుఱ్ఱమును అమ్మి ఆ సొమ్ముతో ఇతనికి కుట్టుయంత్రము కొనిపెట్టెనని ప్రతీతి. అటుపిమ్మట ఉత్తర హాలీవుడ్డులోని అతని దుకాణమునకు రాని సంగీతకారుడు లేడనవచ్చును. ధరించువాని పేరును, పాటను, స్వభావమును ఆ బట్ట మీదనే చిత్రించుట న్యూడీ పద్ధతి: పోర్టర్ వాగనర్‌కు బండిచక్రములు, హ్యాంక్ విలియమ్స్‌కు సంగీత స్వరచిహ్నములు. తళుకురాళ్లను గుడ్డ మీద పొదుగుట ఇతని చేతిలో పరాకాష్ఠ నందినది. 1957లో ఎల్విస్ ప్రెస్లీ తొడిగిన బంగారు జరీ సూటు ఇతని దుకాణమున తయారైనదే. ఇతని దుస్తులను కాలక్రమమున గుర్తించుటకు సేకర్తలకు లేబులే తోడ్పడును: తొలినాటి లేబులు మీద త్రాడు పట్టిన యువతి అర్ధనగ్నముగా నుండును, 1963 నుండి ఆమెకు వస్త్రము కుట్టబడినది.

న్యూడీ దుకాణమున ప్రధాన శిల్పిగా పనిచేసి తరువాత స్వతంత్రించిన మాన్యుయెల్ క్వేవాస్ 1933లో మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రమున పుట్టినవాడు. 1969లో వెలువడిన ఒక గ్రామఫోను రికార్డు అట్టబొమ్మ కొఱకు గ్రామ్ పార్సన్స్ అను యువగాయకునికి అతడు తీర్చిన తెల్లసూటును ఈ సంప్రదాయమునకు శిఖరమని చెప్పుట అతిశయోక్తి కాదు. దాని మీద ఎఱ్ఱని గసగసాల పూలు విచ్చియుండును. రొమ్ము మీద గంజాయి ఆకులు, చేతుల మీద మత్తుబిళ్లలు, ప్యాంటు ప్రక్కల వెంబడి పైకెగయు జ్వాలలు, వీపున కాంతిరేఖలతో వెలుగు పెద్ద శిలువ. భోగమును పాపమును ప్రాయశ్చిత్తమును ఒక్క వస్త్రముననే కుట్టుట మఱి యెవరికి సాధ్యమగును! పార్సన్స్ 1973లో ఇరువదియారేండ్ల వయసున మాదకద్రవ్యముల చేతనే మరణించినాడు. ఆ సూటును నాష్‌విల్లులోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ ప్రదర్శించినది. దాని యెదుట నిలిచినవారు దర్జీకి కవికి గల చుట్టరికమును ఒప్పుకొనక తప్పదు.

సామాన్యునికి అందుబాటులో ఉండినది కర్మాగారపు చొక్కా. డెన్వరు నగరమున వాజీ వీధిలో జాక్ ఎ. వైల్ 1946లో స్థాపించిన రాక్‌మౌంట్ సంస్థ టిచ్ బటన్ల చొక్కాను వ్యాపార ప్రమాణమున తయారుచేసిన మొదటివానిలో నొకటి. వైల్ 2008లో నూటయేడేండ్ల వయసున మరణించువరకు, దాదాపుగా తుది రోజులదాక, నిత్యము తన కార్యాలయమునకు వచ్చుచుండినాడు. టిచ్ బటనుకు హేతువు కలదు: చొక్కా అంచు జీను కొమ్మునకో ఎద్దు కొమ్మునకో తగులుకొన్నయెడల కుట్టిన బొత్తాము పట్టుకొని మనిషిని ఈడ్చును, టిచ్ బటను తటాలున విడిపోయి అతనిని రక్షించును. చొక్కాను ఒంటికి బిగువుగా కత్తిరించుటయు అందుకే. భుజముల మీది రెండవ పొర గుడ్డ వాననుండి, రాపిడినుండి కాపాడుటకు మొదలై, పిమ్మట శోభకై మిగిలినది. జేబు మూతలు ఱంపపు పండ్లవలె రెండు కోసులుగా దిగినచో ‘సాటూత్’ అనియు, మూత లేక చిఱునవ్వువలె వంపు తిరిగి, రెండు కొసల చిన్న బాణపు మొనలతో ముగిసినచో ‘స్మైల్’ జేబు అనియు వ్యవహరింతురు.

ఇట్టి చొక్కాను పరీక్షించు సేకర్త ముందుగా దానిని తిరగవేయును. గొలుసు కుట్టు పైవైపున కడియములు కడియములుగా, లోవైపున ఏకధారగా సన్నని గీతవలె కనబడును. యంత్రము క్రింద నున్న పిడిని ఒక చేత త్రిప్పుచు సూదిని కోరిన దిక్కునకు నడిపించు ఆ పనిలో ఏ రెండు గులాబీలును అచ్చు ఒకటిగా రావు. ఎడమ భుజము మీది పువ్వునకును కుడి భుజము మీది పువ్వునకును ఆకుల వంపులో స్వల్పభేదము కనబడినచో అది మనిషి చేతిపని. రెండును వెంట్రుకవాసి తేడా లేక యుండి, వెనుక దళసరి కాగితపు పొర అంటియున్నచో, అది కంప్యూటరు యంత్రమున తీసిన ఇటీవలి కుట్టు. ఆ పని చేసిన స్త్రీపురుషులలో నూటికి తొంబదిమంది పేరు మనకు తెలియదు. చొక్కా మెడలో కంపెనీ పేరుండును, కొన్నిట కార్మిక సంఘపు చీటీ యుండును. చేయి మాత్రము అజ్ఞాతము. ఈ అజ్ఞాతుల పని చిమ్మటలపాలు గాకుండ కాపాడుట సేకర్త చేయు మొదటి సేవ.

జీను ప్యాంటు చరిత్ర మఱింత ప్రాచీనము. జేబుల మూలలు చినుగకుండ రాగి రివెట్లు బిగించు ఉపాయమునకు నెవాడా దర్జీ జేకబ్ డేవిస్, సాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్ 1873 మే 20న పేటెంటు పొందిరి. మొదట ఇది గనిపనివాని బట్ట. కౌబాయి పిదప స్వీకరించినాడు. లీ కంపెనీ 1924లో కౌబాయిలకే ప్రత్యేకముగా ప్యాంటును తెచ్చినది. బ్లూబెల్ కంపెనీ 1947లో పైన చెప్పిన రోడియో బెన్ చేత రూపకల్పన చేయించి రాంగ్లర్ జీనును విడుదల చేయగా, అందు గుఱ్ఱపు జీను తోలు గీసికొనిపోకుండ చదునైన రివెట్లు వాడిరి. లీవైస్ వెనుక జేబున ఎఱ్ఱని గుడ్డ చీటీ 1936 నుండి కలదు. దాని మీది పేరులో ‘ఇ’ అక్షరము 1971 వరకు పెద్దబడిలోను, అటుపిమ్మట చిన్నబడిలోను ఉండుట పాతబట్టల బజారులో ధరను పలుమడుగులుగా మార్చునట్టి సూక్ష్మభేదము. ఇరుకు మగ్గమున నేసిన గట్టి అంచు గల డెనిమ్‌ను కోరువారికి ఆధారమై యుండిన నార్త్ కరొలీనాలోని కోన్ మిల్స్ వారి వైట్ ఓక్ కర్మాగారము 1905లో మొదలై 2017 చివర మూతపడినది.

పాత గనులలో దొరకు జీనులు చరిత్రయొక్క చేదును కూడ మోసికొని వచ్చును. 1880ల నాటి ఒక జత 2022లో న్యూ మెక్సికోలో 76 వేల డాలర్లకు పాట పలికినది. దాని జేబు లోపలి గుడ్డ మీద, తెల్లజాతి కూలీలచేత మాత్రమే తయారైన సరకిది యను అర్థము గల ముద్రణము స్పష్టముగా చదువనగును. చీనీ కూలీల ప్రవేశమును నిషేధించిన 1882 నాటి శాసనపు వాతావరణమున పుట్టిన ప్రకటన మది. లీవైస్ కంపెనీ ఆ దశాబ్ది పిమ్మట దానిని విడిచినది. దీనిని దాచిపెట్టుటయు, ధర పెంచు వింతగా చూపి ఊరకుండుటయు రెండును తప్పే. వస్త్రమును దాని మాటతో కూడ భద్రపరచి, ఆ మాట ఎందులకు ముద్రింపబడెనో చెప్పగలవాడే సేకర్త.

బూట్ల కొఱకు ప్రత్యేక గ్రంథమే కావలయును. హెచ్.జె. జస్టిన్ 1879లో టెక్సాసులోని స్పానిష్ ఫోర్టున బూట్లు కుట్ట నారంభించినాడు. పిమ్మట నకోనా పట్టణమునకు చేరిన ఆ సంస్థ 1925లో ఫోర్ట్ వర్తునకు తరలిపోగా, కుమార్తె ఈనిడ్ జస్టిన్ నకోనాను విడువనొల్లక అచటనే స్వంతముగా కంపెనీ పెట్టి నడిపినది. లుకేసీ సోదరులు 1883లో సాన్ ఆంటోనియోలో ఆరంభించిరి. వాలుమడమ రికాబు గుండ పాదము ముందుకు జాఱిపోకుండుటకు, ఎత్తైన గొట్టము ముండ్లపొదలనుండి కాలును కాపాడుటకు. గొట్టము మీది రంగు దారపు వరుసలు తోలును నిటారుగా నిలుపుటకు పుట్టి, అలంకారములై పోయినవి. పాత బూటును కొనువారు అడుగు నడుమ కొయ్యమేకుల వరుస ఉన్నదో లేదో చూతురు.

కాలనిర్ణయమునకు అక్కఱకు వచ్చు ఆనవాళ్లు మఱికొన్ని. లేబులు మీది చిరునామాలో ఐదంకెల జిప్ కోడు ఉన్నచో అది 1963 తరువాతిది. ఉతుకు విధానమును తెలుపు చీటీ కుట్టియున్నచో, ఆ నియమము అమలునకు వచ్చిన 1972 తరువాతిదిగా భావింపవచ్చును. కొలతల చీటీని మాత్రము నమ్మరాదు. నాటి నలుబదికిని నేటి నలుబదికిని పొత్తు కుదరదు. చొక్కాను బల్ల మీద పఱచి చంక నుండి చంక వరకు టేపు పెట్టి, తనకు సరిపోవు చొక్కా కొలతతో పోల్చుకొనుటయే మార్గము.

ఈ బట్టలను తొడుగవచ్చునా, దాచవలెనా అను వివాదము సేకర్తలలో చిరకాలముగా నున్నది. ఒకే ఒక్కటి మిగిలిన వస్త్రమును, చరిత్ర ప్రసిద్ధుని దుస్తును మ్యూజియమునకు అప్పగించుట ధర్మము. లాస్ ఏంజెలెసులో 1988లో తెఱచిన ఆట్రీ మ్యూజియము, ఓక్లహోమా నగరమున 1965లో తెఱచిన కౌబాయి మ్యూజియము అందుకే ఉన్నవి. తక్కిన వేలకొలది చొక్కాలు తొడుగుటకు పుట్టినవి. ఒంటి మీద కదలినప్పుడే వాని కత్తిరింపులోని నేర్పు తెలియును. అయితే రేయాన్ గాబర్డిన్ గుడ్డతో కుట్టిన చొక్కా తడిసినప్పుడు మిక్కిలి బలహీనపడును గావున పిండరాదు, వ్రేలాడదీయరాదు; చల్లని నీట ముంచి తువాలుపై పఱచి ఆరబెట్టవలెను. ఉన్నికి చిమ్మట భయము. తళుకురాళ్లు పొదిగిన బరువు కోటును హ్యాంగరునకు తగిలించినచో భుజముల కుట్లు తెగును. దానిని పడుకోబెట్టి, ఆమ్లరహిత కాగితము మడతల నడుమ ఉంచుట మేలు. మూలవాసి జాతుల పవిత్ర చిహ్నములైన ఈకల శిరోభూషణములను మాత్రము ఈ వేషముతో కలిపి ధరించుట ఎంతమాత్రము తగదు. వెండి నడుము పట్టీలు, త్రాడుతో చేసిన బోలో టైలు కొనునప్పుడు, మూలవాసి శిల్పుల పేర నకిలీ సరకు అమ్ముటను నేరముగా చేసిన 1990 నాటి శాసనమును గుర్తుంచుకొనవలెను.

తెలుగువారికి ఈ వేషము వెండితెర మూలముగా పరిచితము. 1971లో కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వమున కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ మొదలు, చిరంజీవి ‘కొదమసింహం’, మహేశ్ బాబు ‘టక్కరి దొంగ’ వరకు వచ్చిన చిత్రములలోని దుస్తులు న్యూడీ కోన్ వంశమునకు చెందినవి కావు. ఇటలీవారు తీసిన కౌబాయి చిత్రములలోని దుమ్ము పట్టిన కోటు, వాలిన టోపీ వీనికి మాతృకలు. హూస్టన్ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు వేఱొక పరిచయము కలదు: 1932లో మొదటి ప్రదర్శన జరిగిన అచటి పశుప్రదర్శన, రోడియోలకు ముందు వచ్చు ‘గో టెక్సన్’ దినమున బడికి, కచేరికి ఈ దుస్తులతో పోవుట ఆ నగరపు ఆచారము.

ఇటీవల పాత సింగర్ గొలుసుకుట్టు యంత్రములను బాగుచేయించుకొని, పిడి త్రిప్పి పువ్వులు తీయు విద్యను యువతీయువకులు మరల నేర్చుచున్నారు. వారిలో కొందఱు చొక్కా లోవైపున, భుజముల మీది రెండవ పొర గుడ్డ అంచు క్రింద, తమ పేరును అదే దారముతో కుట్టుచున్నారు. 1950ల నాటి చొక్కాలలో ఈ స్థానము ఖాళీ.